ఫ్రాంకెన్‌స్టైన్ జీవిని పెన్సిల్‌తో వేసేటప్పుడు రెప్పల సంగతి

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్తాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. పాత హారర్ సినిమాలంటే ప్రాణం పెట్టే మీ తమ్ముడి పుట్టినరోజు కోసం, 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమాలో శవాల ముక్కలు కలిపి ప్రాణం పోసిన ఆ జీవి మొహాన్ని ఏ3 కాగితం మీద పెన్సిల్‌తో వేశారు. చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఆఫీసు ముగించుకుని వేళచ్చేరి ఇంటికి చేరాక, రాత్రిపూట కూర్చుని మూడు వారాలు వేశారు. పోలిక వచ్చింది. కానీ తల పెట్టెలా ఉంది, మొహం మాస్కు తొడుక్కున్న మనిషిలా ఉంది, భయం మాత్రం రాలేదు. పైగా నల్లగా ఉండాల్సిన చోటల్లా ట్యూబ్‌లైట్ కింద వెండిలా మెరుస్తోంది. పుట్టినరోజుకి ఇంకా ఐదు వారాలుంది. దీన్నే దిద్దాలా, కొత్తగా మొదలుపెట్టాలా? బాగా వస్తే ప్రింట్లు తీసి అమ్మవచ్చా?

కొత్తగా మొదలుపెట్టండమ్మా. ఇది పారేయాల్సిన బొమ్మ అని కాదు. మీరు పెట్టిన ఫొటో పెద్దది చేసి చూశాను, కొలతలు చాలా శ్రద్ధగా తీశారు. అయితే ఇందులోని తప్పులు రబ్బరుతో పోయేవి కావు. 8బీ పెన్సిల్‌తో (బీ అంకె పెరిగేకొద్దీ మెత్తన, నలుపు; హెచ్ అంకె పెరిగేకొద్దీ గట్టి, లేత) గట్టిగా నొక్కి రుద్దిన చోట కాగితం గరుకు అణిగిపోయింది, ఇక దాని మీద ఏదీ నిలవదు. ఐదు వారాలు మీకు ధారాళంగా సరిపోతాయి.

నేనెవరో రెండు ముక్కల్లో చెప్తాను. పదిహేనేళ్ళప్పుడు నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి, సినిమా బేనర్లు వేసే చోట పనికి చేరాను. చిన్న స్టిల్ ఫొటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళను పెద్ద గుడ్డ మీదకు ఎక్కించి, ఇరవై అడుగుల మొహాలు వేసేవాళ్ళం. మౌంట్ రోడ్డు మీద అవి నిలబడితే బస్సులోంచి చూసి మురిసిపోయేవాణ్ణి. ఫ్లెక్సులు వచ్చాక ఆ పని పోయింది. అప్పటి నుంచి పెన్సిల్ పోర్ట్రెయిట్లే వేస్తున్నాను, శనివారం ఆదివారం సాలిగ్రామంలో మా ఇంట్లో పిల్లలకు నేర్పుతున్నాను. ఈ జీవి మొహాన్ని ఇప్పటికి తొమ్మిదిసార్లు వేశాను. అందులో రెండు మాత్రమే నాకు తృప్తినిచ్చాయి. ఆ రెండింటి వల్ల తెలిసిందే మీకు చెప్తున్నాను.

మీ బొమ్మలో మొదట నా కంటపడింది కళ్ళు. రెండూ పూర్తిగా తెరిచి, తెల్లగుడ్డు కాగితం తెలుపులోనే వదిలేసి, నల్లగుడ్డులో పెద్ద మెరుపు పెట్టారు. భయపెట్టే మొహం అనగానే మన చేయి అలాగే పోతుంది. మనం చూసి పెరిగినవి అవే. 'పాతాళభైరవి'లో ఎస్వీ రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణి గుర్తు తెచ్చుకోండి. ఎత్తిన కనుబొమ్మ, ఇంతింత చేసి చూసే కళ్ళు. ఆ మొహంలో భయం మనవైపు వస్తుంది. వాడికి ఏం కావాలో వాడికి తెలుసు, మనల్ని చూస్తున్నాడు. నటుడు బోరిస్ కార్లాఫ్ వేషం కట్టిన ఈ జీవి దానికి పూర్తిగా ఎదురు. తనెవరో తనకే తెలియదు. కళ్ళు సగం మూసుకుని ఉంటాయి. ఎదురుగా ఉన్నది చూస్తున్నాడో లేదో కూడా చెప్పలేం. భయం అక్కడ పుడుతుంది, దాని పక్కనే జాలి కూడా పుడుతుంది.

ఇది అనుకోకుండా వచ్చింది కాదు. మేకప్ వేసింది జాక్ పియర్స్. వేసుకున్న కార్లాఫ్‌కి తన కళ్ళు మరీ చురుగ్గా, మామూలు మనిషి కళ్ళలా ఉన్నాయనిపించింది. అప్పుడే ప్రాణం పోసుకున్న శవానికి అంత తెలివైన చూపు ఉండకూడదు. అందుకని పై రెప్పల మీద మైనం పెట్టి బరువుగా చేశారు. ఆ మైనం బరువుకి రెప్పలు సగానికి వాలిపోయాయి. ఆ మొదటి సినిమాలో ఆ జీవికి ఒక్క డైలాగ్ కూడా లేదు, మాటలు వచ్చింది 1935లో తీసిన రెండో సినిమాలో. అంటే 1931లో కార్లాఫ్ చెప్పాల్సిందంతా ఆ వాలిన రెప్పల కిందనుంచి, చేతులతో చెప్పాడు. కప్పులో ఉన్న కిటికీ తెరిచినప్పుడు పైనుంచి పడే వెలుగును అందుకోవడానికి రెండు చేతులూ ఎత్తే చోటు ఒకటుంది. మీరు మళ్ళీ పెన్సిల్ పట్టే ముందు ఆ ఒక్క దృశ్యం నాలుగైదుసార్లు చూడండి. చేతులు వేయకపోయినా ఫరవాలేదు. ఆ మొహం ఏం కోరుకుంటోందో తెలుస్తుంది.

ఇక కన్ను వేసే పద్ధతి. పై రెప్ప అంచు నల్లగుడ్డు మధ్యలోని పాపను తాకేంత కిందకి రావాలి. రెప్ప ఒక గీత కాదు, దానికి మందం ఉంటుంది. పైభాగంలో మైనపు ముద్ద మీద పడిన కొద్ది వెలుగు, అంచు దగ్గర ముదురు, ఆ అంచు నీడ గుడ్డు మీద పడాలి. తెల్లగుడ్డును తెల్లగా వదలొద్దు. హెచ్‌బీతో తేలికగా ఒక పూత వేసి, రెప్ప కింద 2బీతో ఇంకో పూత వేయండి. చివరికి అది మీ బొమ్మలోని చెంప కంటే ముదురుగా ఉండాలి. మొదటిసారి చేసేటప్పుడు తప్పు చేస్తున్నామేమో అనిపిస్తుంది, చేయండి. మెరుపు ఒక కంటిలోనే పెట్టండి, అదీ సూదిమొనంత. రెండో కంటిలో మెరుపు ఉండాల్సిన చోట కొంచెం లేత బూడిద ఉంటే చాలు. రెండు కళ్ళలోనూ సమానంగా మెరుపు పెడితే మొహం మనల్ని చూసి పలకరించినట్టు ఉంటుంది.

బేనర్ పనిలో మా మేస్త్రి ఒకరోజు నేను వేసిన విలన్ మొహం ముందు చాలాసేపు నిలబడి, ఏమీ అనకుండా బ్రష్ తీసుకుని రెండు కళ్ళ మీద ముదురు నీలం నీడ లాగేశారు. నేను రెండు రోజులు కష్టపడి వేసిన కళ్ళు అవి. గుండె ఆగినంత పనైంది. కిందకి దిగి రోడ్డు అవతలి నుంచి చూస్తే, అంతవరకు బొమ్మలా ఉన్నవాడు మనిషైపోయాడు. ఆ రోజు నుంచి భయం వేయాల్సిన ప్రతి మొహానికీ ముందు కళ్ళలో నీడ వేసుకుంటాను, ఆ తర్వాతే వెలుగు గురించి ఆలోచిస్తాను.

రెండో సంగతి రంగు. మీరు ఫొటోలో చూపించిన రిఫరెన్స్ ఇంటర్నెట్‌లో దొరికిన ఆకుపచ్చ బొమ్మ. దాన్ని నలుపు-తెలుపులోకి మార్చి వాడుకున్నానని రాశారు. దయచేసి దాన్ని పక్కన పెట్టేయండి. అందరికీ ఆకుపచ్చగా గుర్తున్న ఈ జీవి ఈ సినిమాలో ఆకుపచ్చగా కనిపించడు, సినిమా నలుపు-తెలుపు. పియర్స్ వాడిన పూత ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. ఫిల్ము మీద అది రక్తం లేని శవం చర్మంలా పాలిపోయి కనిపిస్తుందని అలా ఎంచుకున్నాడు. అంటే ఆ మొహాన్ని మొదటి నుంచీ బూడిద రంగు మెట్లలోనే ఊహించారు. పెన్సిల్ పట్టుకున్న మనకు ఇంతకంటే వరం ఏముంటుంది! మామూలు ఫొటో వేసేటప్పుడు ఎర్రటి పెదవిని, గోధుమ రంగు చర్మాన్ని బూడిదలోకి మనమే మార్చుకోవాలి. ఇక్కడ ఆ పని తొంభై ఏళ్ళ కిందటే పియర్స్, కెమెరామన్ ఆర్థర్ ఎడెసన్ కలిసి చేసి పెట్టారు. కాబట్టి సినిమా స్టిల్ నుంచే వేయండి. ఆకుపచ్చ బొమ్మను నలుపు-తెలుపు చేస్తే వచ్చేది చర్మమంతా ఒకే మధ్యరకం బూడిద. మీ బొమ్మ మాస్కులా కనిపించడానికి సగం కారణం అదే.

ఏ స్టిల్ అంటే, నన్నడిగితే ఆ జీవి మొదటిసారి కనిపించే చోటు. తలుపులోంచి వెనక్కి నడుస్తూ వచ్చి మెల్లగా మనవైపు తిరుగుతాడు. అప్పుడు దర్శకుడు జేమ్స్ వేల్ వరసగా మూడు షాట్లలో, ఒకదానికంటే ఒకటి దగ్గరగా ఆ మొహాన్ని చూపిస్తాడు. మీ ఏ3కి మూడోది మరీ దగ్గరవుతుంది. రెండోది సరిగ్గా సరిపోతుంది, మెడ కూడా వస్తుంది.

వేల్ గురించి ఇంకో మాట, మనబోటివాళ్ళకు ఆనందంగా ఉండేది. ఆయన సినిమాల్లోకి రాకముందు బొమ్మలు వేసేవాడు, నాటకాలకు సెట్లు డిజైన్ చేసేవాడు. కార్లాఫ్ మొహం చూసి ఆసక్తి పుట్టి, అతని తలను బొమ్మలుగా వేసి, పుర్రెను అతికితే ఎక్కడెక్కడ ఎముక గట్లు తేలతాయో ఊహించి గీశాడు. ఆ తర్వాతే మేకప్ గదిలో పని సాగింది. అంటే ఈ మొహం పుట్టుకలోనే బొమ్మ ఉంది. కార్లాఫ్ అసలు పేరు విలియమ్ హెన్రీ ప్రాట్. ఆయన తండ్రి మన దేశంలో బ్రిటిష్ వాళ్ళ ఉప్పు పన్ను శాఖలో ఉద్యోగం చేశాడు. ఇది బొమ్మకు అవసరం లేని సంగతే, మీ తమ్ముడికి చెప్తే సంతోషిస్తాడని రాశాను.

ఇప్పుడు పెట్టె తల. మీరు తల పైభాగాన్ని స్కేలు పెట్టి గీసినట్టు ఒక సరళరేఖగా గీశారు, రెండు పక్కలా మూలలు వచ్చాయి. పియర్స్ ఆలోచన ఏమిటంటే, మెదడు పెట్టడానికి పుర్రె తెరవాలంటే శస్త్రచికిత్స చేసేవాడికి అన్నిటికంటే తేలిక దారి పైభాగాన్ని గిన్నె మూతలా అడ్డంగా కోసి, మళ్ళీ మూసి బిగించడం. ఆ మూత ఆకారమే చదునైన తల. మూత అంచు గుండ్రంగా ఉంటుంది కదా. తల కూడా పైనుంచి చూస్తే గుండ్రమే, ముందునుంచి చూస్తున్నాం కాబట్టి చదునుగా కనిపిస్తుంది. కెమెరా కాస్త కిందనుంచి చూస్తుంటే ఆ పై అంచు మధ్యలో కొద్దిగా పైకి వంగుతుంది. ఆ వంపు ఏ3 మీద మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుందేమో, అంతే. అది లేకపోతే అట్టపెట్టె, ఉంటే పుర్రె. ఇంట్లో ఒక స్టీలు గిన్నె బోర్లించి కంటి ఎత్తుకు కొంచెం పైన పట్టుకుని చూడండి, వెంటనే అర్థమవుతుంది.

మూలల దగ్గర గీత ఎక్కడా గట్టిగా ఉండకూడదు. వెలుగు పడే వైపు అంచు కొంచెం స్పష్టంగా, నీడవైపు అంచు వెనకున్న చీకటిలో కలిసిపోవాలి. జుట్టు చదునుగా అతుక్కుని నుదుటి మీదకి కత్తిరించినట్టు వస్తుంది. ఒక్కొక్క వెంట్రుకా గీయకండి. మొత్తం ముదురు ముద్దగా వేసి, నీడెడ్ ఎరేజర్‌ను (పిండిలా నలిపి వాడే రబ్బరు) పలచగా నొక్కి వెలుగు పడే ఐదారు పాయలు తీస్తే చాలు.

నుదురు విషయం దీనికంటే ముఖ్యం. కార్లాఫ్ నుదుటి మీద దూది, కొలోడియన్ అనే అంటుకునే ద్రవం పొరలు పొరలుగా పేర్చి కట్టారు. ఈ మేకప్‌కి రోజూ దాదాపు 4 గంటలు పట్టేది. ఆ కట్టు కనుబొమ్మల దగ్గర ముందుకు పొడుచుకుని వస్తుంది, కిటికీ మీద సన్‌షేడ్ ఉన్నట్టు. సన్‌షేడ్ ఉంటే ఏమవుతుంది? కింద నీడ పడుతుంది. కంటి గుంటల్లో ఉన్న నీడంతా ఆ నుదురు వేసిన నీడే. మీరు నుదుటికీ కంటికీ విడివిడిగా షేడ్ చేశారు కాబట్టి వాటి మధ్య సంబంధం తెగిపోయింది. నుదుటి అంచు ఎంత ముందుకొస్తే నీడ అంత కిందకి దిగాలి. ముందు ఆ నీడ ఆకారాన్ని ఒకే ముద్దగా, ఒకే టోన్‌లో (ఒకే ముదురు స్థాయిలో), కళ్ళు ఉన్నాయన్నది మరిచిపోయి వేయండి. కళ్ళు ఆ చీకటిలోంచి తర్వాత బయటికి తీయాలి.

దీన్ని కంటితో చూడాలంటే ఒక చిన్న పని చేయండి. రాత్రిపూట గదిలో దీపాలన్నీ ఆర్పేసి, ఒకే బల్బు తలమీద వచ్చేలా తమ్ముణ్ణి నిలబెట్టి, తల కాస్త ముందుకు వంచమనండి. కానుక ముందే తెలిసిపోకూడదనుకుంటే అమ్మనో నాన్ననో నిలబెట్టండి. ఎవరి మొహమైనా సరే, కళ్ళు చీకట్లోకి పోయి, చెంప ఎముకలు పైకి తేలి, వేరే మనిషి ప్రత్యక్షమవుతాడు. నేను పిల్లల్ని మెరీనాలో శ్రామిక విజయ విగ్రహం దగ్గరకు కూడా తీసుకెళ్తుంటాను. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ఆ కంచు మనుషుల మొహాల మీద పొద్దున వెలుగు ఒకలా, మిట్టమధ్యాహ్నం ఇంకోలా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో నుదుటి కింద పడే నీడను స్కెచ్‌బుక్‌లో రెండే టోన్లతో, నలుపు, తెలుపు, వేసుకు రమ్మంటాను. ఎండ గట్టిగా ఉంటుంది, టోపీ, నీళ్ళు మరిచిపోకండి. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాల దగ్గర కూర్చుని గీసినా మంచి సాధనే, అక్కడ వెలుగు మెత్తగా ఉంటుంది.

మెరుపు సమస్యకు వద్దాం. ఇది మీ తప్పు కాదు, పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ గుణం. గ్రాఫైట్ పలకలు పలకలుగా ఉండే పదార్థం. గట్టిగా నొక్కి రుద్దితే ఆ పలకలన్నీ ఒకే దిశలో పడుకుని అద్దంలా వెలుగును తిప్పికొడతాయి. 8బీ అయినా 10బీ అయినా అంతే, ఎంత నొక్కితే అంత మెరుపు. నిజమైన నలుపు కావాలంటే కార్బన్ పెన్సిలో చార్‌కోల్ (బొగ్గు) పెన్సిలో కావాలి, వాటి నలుపు మెరవదు. కార్బన్ కలిపిన స్టెడ్‌లర్ లూమోగ్రాఫ్ బ్లాక్ నేను వాడతాను. ఖరీదనుకుంటే మామూలు చార్‌కోల్ పెన్సిల్ ఒక్కటి చాలు. ఈ బొమ్మలో అసలు నలుపు కావాల్సిన చోట్లు నాలుగే: కంటి గుంటల లోపల, జుట్టు, కోటు, వెనక చీకటి.

వరస మాత్రం తప్పకూడదు. చార్‌కోల్ ముందు, గ్రాఫైట్ తర్వాత. మెరిసే గ్రాఫైట్ మీద చార్‌కోల్ పట్టదు, జారిపోతుంది. ముందు నలుపుల చోట చార్‌కోల్ వేసుకుని, అంచుల దగ్గర 4బీ, 2బీతో చర్మంలోకి కలుపుకుంటూ రండి. చర్మమంతా గ్రాఫైటే, 2హెచ్ నుంచి 4బీ వరకు. మామూలు అప్సర, కామ్లిన్ డ్రాయింగ్ పెన్సిళ్ళతో నేను ఎన్నో మంచి బొమ్మలు వేశాను, పెన్సిల్ ఖరీదు గురించి టెన్షన్ పడకండి. కాగితం విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో), అంతకు పైన, కొంచెం గరుకు ఉన్నది తీసుకోండి. మరీ నున్నటి కాగితం మీద చార్‌కోల్ నిలవదు, వాటర్‌కలర్ గరుకు మీద చర్మం రాదు.

మన ఊళ్ళో ఇంకో శత్రువు ఉంది, గాలిలో తేమ. ఉప్పుగాలికి కాగితం మెత్తబడుతుంది, చేతి చెమట దాని మీద నూనె మరకలా పడుతుంది. ఆ మరక అప్పుడు కనిపించదు, దాని మీద షేడ్ చేసినప్పుడు బయటపడుతుంది. మీ బొమ్మలో కుడి దవడ దగ్గర ఉన్న మచ్చ నాకు అలాంటిదే అనిపించింది. చేతి కింద ఎప్పుడూ ఒక శుభ్రమైన కాగితం ఉండాలి. వేలితో రుద్దడం పూర్తిగా మానేయండి. పెద్ద చోట్లకు పాత మెత్తటి బ్రష్, చిన్న చోట్లకు పేపర్ స్టంప్ (గట్టిగా చుట్టిన కాగితపు పుల్ల). ఏసీ గదిలో వేస్తుంటే పని అయ్యాక కాగితాన్ని వెంటనే బయటి గాలికి తేవద్దు, అలలు వస్తాయి. బోర్డుకి నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో బిగించి, బొమ్మ పూర్తయ్యేదాకా తీయకండి.

చర్మం గురించి. మొత్తం నున్నగా చేయాలన్న ఆశ వదులుకోండి. నుదుటి కట్టు దూదితో చేసింది, అక్కడ చిన్న చిన్న గుంటలు, గట్లు ఉంటాయి. పెన్సిల్ మొన కొంచెం మొండిగా ఉంచి చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ టోన్ కట్టండి, స్టంప్ వాడకండి. చెంపల దగ్గర మెత్తగా కలపొచ్చు. ఒక చెంప బాగా లోపలికి పోయి ఉంటుంది, చూశారా? కార్లాఫ్ నోట్లో ఒకవైపు తీసి పెట్టుకునే కట్టుడుపళ్ళు ఉండేవి. అవి తీసేసి చెంపను లోపలికి పీల్చేవాడు. ఆ గుంటను మసిమరకలా వేయకుండా, చెంప ఎముక నుంచి దవడ దాకా కిందికి జారే ఒక పలకలా చూడండి. పలక పైఅంచు స్పష్టంగా ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ కరిగిపోతుంది. రెండు చెంపలూ ఒకేలా వేశారు మీరు, అందుకే శవం కళ రాలేదు.

కుట్లు, గాయం, మెడ దగ్గర ఇనుప ముక్కలు అన్నీ చివర. మీరు వాటితోనే మొదలుపెట్టారని గీతల ఒరవడి చూస్తే తెలుస్తోంది. అందరూ అదే చేస్తారు, ఎందుకంటే ఆ గుర్తులు ఉంటే చాలు ఎవరో తెలిసిపోతుంది. మీ కొత్త బొమ్మకు నేను పెట్టే పరీక్ష ఇదే: గాయం, మెడలోని ఇనుము లేకుండానే అది ఆ జీవి అని తెలియాలి. తెలిస్తేనే అవి వేయండి. గాయం నల్ల గీత కాదు, ఉబ్బిన గట్టు. వెలుగువైపు సన్నటి తెలుపు, అవతలివైపు సన్నటి నీడ, దారిలో ఒకచోట లావు, ఒకచోట మాయం. మెడ దగ్గరవి బోల్టులు కావు, కరెంటు ఎక్కించే ఎలక్ట్రోడ్లు. ఇనుము కాబట్టి అక్కడ మాత్రం బాగా ముదురు, బాగా లేత పక్కపక్కనే రావచ్చు. మొహం మీద ఎక్కడా అలా చేయకండి.

వరసగా చెప్పాలంటే, మొదటి వారం గళ్ళు, కొలతలు. ఏ3 మీద 2 సెంటీమీటర్ల గళ్ళు, 2హెచ్‌తో, కాగితం మీద గాడి పడనంత తేలికగా. రెండో వారం మొత్తం బొమ్మను మూడే టోన్లలో: కాగితం తెలుపు, ఒక మధ్య బూడిద, ఒక ముదురు. కళ్ళు, పెదవులు ఏమీ వద్దు. ఆ దశలో ఆరడుగుల దూరం నుంచి కళ్ళు సగం మూసి చూస్తే మొహం నిలబడాలి. మూడు, నాలుగు వారాలు చర్మం, కళ్ళు. చివరి వారం జుట్టులో వెలుగు పాయలు, గాయం, ఫ్రేము.

ఫ్రేము దగ్గర ఒక్క జాగ్రత్త. నా రెండో మంచి బొమ్మను ఒక దుకాణంలో ఫ్రేము కట్టించాను. వాళ్ళు మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) పెట్టకుండా బొమ్మను సూటిగా అద్దానికి ఆనించేశారు, నేనూ చూసుకోలేదు. ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల), కార్తిక మాసాల వానలు వెళ్ళేసరికి లోపల తేమ పట్టి, గ్రాఫైట్ అద్దానికి అంటుకుంది. విడదీస్తే ఎడమ కన్ను, నుదురు అద్దంతో పాటు వచ్చేశాయి. ఆ బొమ్మ ఇప్పుడు లేదు, తలచుకుంటే ఇప్పటికీ బాధే. మీరు తప్పకుండా మందపాటి మౌంట్ పెట్టమని అడగండి, అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండాలి. అంతకుముందు ఫిక్సేటివ్‌ను (పెన్సిల్ పొడి రాలకుండా నిలిపే స్ప్రే) అడుగు దూరం నుంచి పలచగా రెండు మూడు పూతలుగా, ఎండ ఉన్న రోజు బాల్కనీలో కొట్టండి. చార్‌కోల్ కొంచెం ముదురుతుంది, కాబట్టి కంటిలోని ఆ సూదిమొన మెరుపును తెల్లగానే ఉంచారో లేదో ముందే చూసుకోండి.

ప్రింట్లు అమ్మడం గురించి. తమ్ముడికి కానుకగా ఇవ్వడం వేరు, అమ్మడం వేరు. చదునైన తల, మెడలో ఎలక్ట్రోడ్లు ఉన్న ఈ మేకప్ రూపం ఆ సినిమా తీసిన యూనివర్సల్ సంస్థది. దాన్ని ప్రింట్లుగా అమ్మకండి. కానీ ఆ కథ 1818లో మేరీ షెల్లీ రాసిన నవల, దాని మీద ఇప్పుడు ఎవరికీ హక్కుల్లేవు. నవలలో ఆ జీవికి చదును తల లేదు. ఎనిమిది అడుగుల ఎత్తు, కింద కండరాలు, రక్తనాళాలు తెలిసిపోయేంత పలచటి పసుపు చర్మం, మెరిసే పొడవాటి నల్లజుట్టు, ముత్యాల్లాంటి పళ్ళు, నల్లటి పెదవులు. ఆ వర్ణన చదివి మీ సొంత మొహం వేసుకోండి, దాన్ని ఎంతమందికైనా అమ్ముకోవచ్చు. పైగా ఆ నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది తయారుచేసినవాడి పేరు, ఆ జీవికి పేరే లేదు. పేరు లేని మొహం వేయడం మంచి సాధన. నేను చిన్నప్పుడు చందమామలో శంకర్ గారు వేసిన విక్రమార్కుడి బొమ్మ చూసి భయపడేవాణ్ణి, భుజం మీద శవం, చేతిలో కత్తి. శవం మొహం అందులో పెద్దగా కనిపించదు. అయినా రాత్రి ఆ పేజీ తెరిచేవాణ్ణి కాదు. మీ సొంత జీవిని వేసేటప్పుడు ఆ బొమ్మను ఒకసారి తీసి చూడండి.

పాత బొమ్మను పారేయకండి, దాని మీద బటర్ పేపర్ వేసి ఫైల్లో పెట్టండి. కొత్తదాన్ని మూడు టోన్ల దశకు తెచ్చాక, కళ్ళు వేయకముందే, పగటిపూట కిటికీ పక్కన ఎండ సూటిగా పడని చోట ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. నుదుటి నీడ సరిపోయిందో లేదో చూసి చెప్తాను.